తఫీదా కూతుళ్ళు

మీరే. గాజు తలుపుల వెనక కూర్చున్న మీరే. బంతాట మధ్యలో, పిల్లలు చూస్తుండగా, "ఒక్క నొక్కుతో నీ రాత మారిపోతుంది" అని జూదానికి పిలిచిన టీవీ వాళ్ళూ, ఒక్క నారింజపండైనా కళ్ళచూడకుండా నారింజల కంపెనీకి ఖాతా తెరిచిన బ్యాంకు వాళ్ళూ, దొంగ గోడ దూకాక కుక్కను విప్పే నిఘా వాళ్ళూ. ఈ పాపం మీది. కర్మూజ్ పేదల పేట సందుల్లో కాబేజీ ఆకులు చుట్టుకునే ఆడవాళ్ళది కాదు. ఈ ముక్క మొదట్లోనే మొహాన కొట్టేసి కథలోకి పోదాం.

ఆ గురువారం పొద్దున అలెగ్జాండ్రియాలో సముద్రం రోడ్డెక్కింది. ఏటా నవంబరులో వచ్చే ఆ తుఫానుకు ఊళ్ళో చీపురు అని పేరు. తీరాన్ని ఊడ్చి పెట్టి పోతుంది. రేవు మూసేశారు. ట్రాములు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఏజెంట్ వగీహ్ తడిసి ముద్దై నిఘా విభాగం మేడ మెట్లెక్కేసరికి, అక్కడి పెద్ద ఇస్మత్ పాషా గుమ్మడి గింజలు కొరుకుతూ కిటికీ దగ్గర కూర్చున్నాడు.

"రా వగీహ్. మనిషివా, కాలువలో పడ్డ పిల్లివా?"

"నడిచొచ్చాను పాషా."

"కూర్చో. ఇవాళ ఆపరేషన్ చీపురు. తుఫాను పేరే పెట్టాను, బాగుంది కదూ?"

పాషా బల్ల మీద గింజలు పరిచాడు. చూపుడువేలు పెట్టి చెప్పుకుపోయాడు.

"ఇది ఖంసీన్. ఫోనులో ఆడే జూదం. ఇవి కాఫీ కొట్లలో కుర్రాళ్ళు పోగొట్టుకున్న డబ్బులు. ఇవి నీ కర్మూజ్ ఆడవాళ్ళ ఈ-వాలెట్లు. ఒక్కో వాలెట్‌కి ఇంతే అని హద్దుంది కాబట్టి ఇన్ని కావాలి. వీటన్నిట్లోంచి ఒక్క దెబ్బన ఇదిగో ఇక్కడికి, నారింజల కంపెనీ బ్యాంకు ఖాతాకి. అక్కణ్ణుంచి నారింజలు కడిగే యంత్రాలకి బయానా అని కాగితం రాసి, సముద్రం దాటిస్తారు." గింజల కుప్పను సాసర్లోకి తోసేశాడు. "అవతల దీవిలో ఖవాజా కూర్చుని తింటాడు."

ఖవాజా అంటే ఆ ముఠా పెద్ద. పరదేశి. మొహం చూసినవాడు లేడు.

"ఇవాళ బ్యాంకు మూసే వేళకు కదులుతుంది మొత్తం. అవతలి బ్యాంకులో పడగానే మనం వాలెట్లకి తాళం వేస్తాం."

వగీహ్ తల ఎత్తాడు. "పడగానేనా? పడకముందు కదా పాషా?"

పాషా ఒక గింజ కొరికి తొక్క ఊశాడు. "పడితేనే నేరం పూర్తవుతుంది. సగం నేరాన్ని కోర్టుకి పట్టుకుపోతే జడ్జి నవ్వుతాడు."

"పడ్డాక డబ్బు చిక్కదు. ఖవాజా చిక్కడు."

"ఆడవాళ్ళు చిక్కుతారుగా. నలభైమంది! సాయంత్రం టీవీలో వరసగా నిలబెడితే గోడ చాలదు. నీకు ప్రమోషన్ ఖాయం."

"వాళ్ళకేం తెలీదు పాషా. నారింజలు కోసే కూలీల జీతాల కోసమని వాళ్ళకి చెప్పింది నేనే."

"బాగా చెప్పావు. అందుకే ప్రమోషన్."

పామూ చావకూడదు, కర్రా విరగకూడదు. పాము పక్కనున్న వానపాములు చస్తే చాలు. అదీ పాషా లెక్క.

వగీహ్ మెట్లు దిగాడు. నారింజల కంపెనీ వైపు నడిచాడు.

ఎండాకాలం నుంచీ అతను కర్మూజ్‌లో మారువేషపు షౌకీ. సిమ్ కార్డులమ్మే చిన్న కొట్టు, పుల్ల విరిగిన కళ్ళజోడు, పెంచిన మీసం, చేతిలో ఎప్పుడూ తిరిగే తస్బీ జపమాల. ఆ తస్బీ పూసల్లో ఒక పూస, పాషాతో మాట్లాడే మైకు. ముఠా అతన్ని తమ మనిషే అనుకుంది. పేదాళ్ళ గుర్తింపు కార్డులు పోగుచెయ్యి, వాటి మీద సిమ్‌లు తీసి వాలెట్లు తెరువు అంది. ముఠా నమ్మాలంటే చెయ్యాలి. చేశాడు. ఎవరి తలుపు తట్టాడు? హజ్జా ఇన్సాఫ్ తలుపు.

హజ్ యాత్ర చేసొచ్చిన ముసలావిడ. ఆ వీధి చిట్టీ నడిపేది ఆవిడే. అక్కడి చిట్టీలో పాట ఉండదు, వరసే. ఎవరి అవసరం ముందైతే వాళ్ళ వరస ముందుకు జరుగుతుంది. హజ్జాకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. తన వరస వచ్చిన ప్రతిసారీ పక్కింటి కాన్పుకో, ఎదురింటి కూలిన కప్పుకో ఇచ్చేసింది. ఈ నెల ఆడవాళ్ళంతా కలిసి ఒట్టు పెట్టి ఆ డబ్బు ఆవిడ ఫోనులో వేశారు. ఆదివారం కళ్ళ ఆపరేషన్. పాషా తాళం పడితే ఒక్క సిమ్ మీద పడదు, గుర్తింపు కార్డు మీద పడుతుంది. ఆ కార్డు మీదున్న ప్రతి పైసా బిగుసుకుంటుంది. కళ్ళ డబ్బుతో సహా.

"నాకు అక్షరాలు కనబడవు నాయనా, నువ్వే రాసెయ్యి" అని ఆవిడ కార్డు అతని చేతిలో పెట్టింది. హజ్జా ఇచ్చిందని అందరూ ఇచ్చారు. అతను రాశాడు. అడగడానికి నోరు రాని ప్రశ్న ఒకటి ఎదురైతే, అక్కడ ఏదో గిలికి నెట్టుకొచ్చాడు.

గ్లీమ్‌లో సముద్రం ఎదురుగా నారింజల కంపెనీ ఆఫీసు. తలుపు సందులోంచి అత్తరు ముందు వచ్చింది, గొంతు తర్వాత.

"నారింజలు తీపెక్కాయా?"

"చలి పడితేనే."

తలుపు తెరుచుకుంది. నిహాల్. ఊదారంగు కోటు, సన్నటి సిగరెట్టు, ఒకసారి చూస్తే వెనక్కి తిరిగి మళ్ళీ చూడాల్సిన కళ్ళు. కాగితాల మీద ఆ కంపెనీ యజమానురాలు. ఖవాజా జీతం తింటూ పాషాకు కబుర్లు చేరవేసే మనిషి. ఎవరికి ఎంత చేరవేస్తుందో పైవాడికే తెలియాలి.

"బూట్లు విప్పు. తివాచీ పాడవుతుంది."

వగీహ్ వినలేదు. తిన్నగా గోడకు ఆనించి ఉన్న ఊద్ వాయిద్యం పెట్టె దగ్గరకు వెళ్ళాడు. పైకి చూస్తే సంగీతం పెట్టె. లోపల సిమ్‌లన్నీ గుచ్చిన యంత్రం ఉండాలి. మీట నొక్కితే అన్ని వాలెట్లూ ఒక్కసారి కక్కుతాయి. దాన్ని సముద్రంలో విసిరేద్దామని దారంతా అనుకుంటూ వచ్చాడు. పెట్టె తెరిచాడు. ఖాళీ.

"యంత్రమేది?"

నిహాల్ కిటికీ వైపు సిగరెట్టు చూపింది. అలల అడ్డుగోడకు అవతల ఒక తెల్ల పడవ, గిన్నెలో గుడ్డులా ఎగిరిపడుతోంది.

"రేవు మూయకముందే ఎక్కించేశాడు. ఖవాజా నన్ను నమ్మడు. నిన్ను అసలే నమ్మడు. తుఫానును నమ్ముతాడు. ఇవాళ ఏ పోలీసు పడవా అక్కడికి పోలేదు. ఫోను సిగ్నల్‌కి తుఫాను అడ్డమా?"

వగీహ్ తస్బీ పూస నోటి దగ్గర పెట్టుకున్నాడు. "పాషా, యంత్రం సముద్రంలో ఉంది. తాళం ఇప్పుడే వేయించండి. ఇప్పుడే."

పూసలోంచి గింజ కొరికిన చప్పుడు. "ఆర్డరు సాయంత్రానికి రాయించాం."

"మార్పించండి."

"సంతకం పెట్టే ఆయన భోంచేస్తున్నాడు. చేపల కూర. మధ్యలో లేపితే నన్ను దేశం ఆ చివర అస్వాన్‌కి బదిలీ చేస్తాడు."

పూసలో గొంతు ఆగిపోయింది. నిహాల్ పకపకా నవ్వింది.

"విన్నావా? పాషా వాటా తింటున్నాడేమో అనుకున్నావు కదూ? లేదయ్యా. వాడంత ధైర్యవంతుడు కాదు. బ్యాంకు మేనేజరు ఎవరికో బావమరిది. వాణ్ణి ముట్టుకోవాలంటే పాషాకు చెమటలు. కర్మూజ్ ఆడవాళ్ళను ముట్టుకుంటే ఎవడడుగుతాడు?"

"నువ్వు ఎవరి మనిషివి నిహాల్?"

"ఖవాజాతో మాట్లాడితే ఖవాజా మనిషిని. పాషాతో మాట్లాడితే పాషా మనిషిని. అద్దం ముందు మటుకు పనిమనిషిని."

"పాషా నలభై అన్నాడు" అన్నాడు వగీహ్ నెమ్మదిగా. "కర్మూజ్‌లో నేను తీసుకున్నవి ముప్పైతొమ్మిది. నలభయ్యో కార్డు ఎవరిదో గుర్తుందా?"

నవ్వు ఆగింది. ఆ నలభయ్యో కార్డు ఆమెదే. కంపెనీ ఖాతాలోంచి డబ్బు దాటాలంటే బ్యాంకు పంపే ఓటీపీ ఆ సిమ్‌కే వస్తుంది. అదీ ఇప్పుడు పడవలోనే ఉంది.

"నన్ను కూడానా?" అంది నిహాల్. "వాడి కోసం ఇన్నాళ్ళు..."

"టీవీలో బాగా కనిపిస్తావుగా."

ఆమె సిగరెట్టు బూడిద తివాచీ మీద రాలింది. చూసుకోలేదు.

"ఒక దారుంది" అంది. "సిమ్ పోయిందని సొంతదారు ఫోను చేస్తే కంపెనీ వాళ్ళు అప్పటికప్పుడు దాన్ని చంపేస్తారు. కార్డు నంబరు చెప్పాలి, ఇంకో ప్రశ్నకు జవాబు చెప్పాలి. అంతే. కానీ వాళ్ళకెవరు చెప్తారు? చెప్పాలంటే నువ్వెవరో చెప్పాలి. ఆ ముసలమ్మ కళ్ళలోకి చూసి చెప్పాలి."

"నువ్వు చేస్తావా? నీ సిమ్?"

"ఖవాజా నన్ను బతకనివ్వడు." కిటికీ వైపు తిరిగింది. "పో. తివాచీ పాడుచేశావు."

కర్మూజ్ దాకా వగీహ్ పరుగు, నడక, పరుగు. హజ్జా ఇంట్లో చిట్టీ రోజు. గదినిండా ఆడవాళ్ళు. మధ్యలో పళ్ళెం, కాబేజీ ఆకుల్లో బియ్యం పెట్టి చుడుతున్నారు. చేపలమ్మే నజాత్ గొంతు వీధి చివరికి వినబడుతోంది.

"ఒరే షౌకీ! తుఫాను నిన్ను కూడా ఊడ్చుకొచ్చిందా? కూచో, ఆకులు చుట్టు. మగాడి చేత్తో చుడితే విషమేం కాదు."

"హజ్జా" అన్నాడు వగీహ్. "నేను షౌకీని కాను."

హజ్జా ఇన్సాఫ్ మొహం అతని గొంతు వైపు తిప్పింది. చేతులు మాత్రం ఆకు చుడుతూనే ఉన్నాయి.

చెప్పాడు. ఎవరి మనిషో చెప్పాడు. నారింజలు లేవని, కూలీలు లేరని, ఎవరో కుర్రాడు తల్లి గాజులమ్మి ఆడిన డబ్బు వీళ్ళ పేర్ల మీదుగా పారుతోందని చెప్పాడు. సాయంత్రం వాళ్ళను ఎక్కించుకుపోయే పోలీసు లారీలొస్తాయని చెప్పాడు. ఆదివారం సంగతి కూడా చెప్పాడు. మాట మాటకూ గొంతు చిన్నదైపోయింది. చివరికి తనకే వినబడలేదు.

నజాత్ ఒక్కతే లేచింది. "చేపలు తోమే కత్తి ఎక్కడే? వీడి కడుపులో ఏముందో చూద్దాం."

"కూచోవే" అంది హజ్జా. చేతిలో ఉన్న ఆకు పూర్తిగా చుట్టి, పళ్ళెంలో వరసగా పేర్చి, చేతులు తుడుచుకుంది. "నీ అసలు పేరేంటి?"

"వగీహ్."

"వగీహ్. మా ఇంట్లో ఎన్ని పూటలు తిన్నావు?"

అతను తల దించుకున్నాడు. ఆవిడకు కనబడదని తెలిసినా దించుకున్నాడు.

"నీ సంగతి తర్వాత. ముందు పని. నా ఫోనియ్యండే."

బొటనవేలితో తడుముకుంటూ నొక్కింది. స్పీకరులో ఒక అమ్మాయి గొంతు: కార్డు నంబరు చెప్పండమ్మా. నోటికొచ్చిన నంబరు గడగడా చెప్పింది. మీ తల్లిగారి పేరు చెప్పండి.

హజ్జా ఒక్క క్షణం ఆగింది. గదిలో మగవాడున్నాడు. ఆ వీధిలో తల్లి పేరు పరాయి మగాడి చెవిన పడనివ్వరు. బడిలో తల్లి పేరు బయటపడితే పిల్లలు పళ్ళు రాలేలా కొట్టుకుంటారు. "సకీనా" అంది చివరికి.

"సరిపోవడం లేదమ్మా."

"మా అమ్మ పేరు నీకు తెలుసా నాకు తెలుసా?"

"ఇక్కడ వేరే పేరుందమ్మా. రెండోసారి తప్పు చెబితే రేపు మా కొట్టుకు రావాలి."

వగీహ్ చేయి చాచి ఫోను కట్ చేశాడు.

"ఆ పేరు మీరు చెప్పింది కాదు హజ్జా. నేను అడగలేదు. ఆడవాళ్ళను పట్టుకుని మీ అమ్మ పేరేంటి అని ఎలా అడగను? అందుకని... అందరికీ ఒకటే రాసేశాను."

"ఏం రాశావు?"

అతను గోడకేసి చూశాడు. అతన్ని కన్న మనిషి దమన్‌హూర్ ఊళ్ళో ఉంది. ఆడపిల్ల కావాలని మొక్కని దర్గా లేదు, వీడొక్కడే పుట్టాడు. ఆమె పేరు అతను ఏ ఆఫీసులోనూ పైకి చదవనివ్వలేదు. పెళ్ళినాడు కూడా కాజీ చెవిలో గుసగుసగా చెప్పాడు. అబద్ధం రాయాలంటే చేతికి ఆ ఒక్క పేరే వచ్చింది.

"తఫీదా" అన్నాడు. "మా అమ్మ."

నజాత్ ఫక్కుమంది. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంది.

"అయితే మమ్మల్ని అమ్మేసిన వెధవ మాకు సొంత తమ్ముడన్నమాట!"

"ఇంట్లోవాడు కాకపోతే ఇంత చక్కగా ఎవడమ్ముతాడే?"

"నోర్మూసుకుని ఫోన్లు తీయండి" అంది హజ్జా. చిట్టీ డబ్బు అడిగేటప్పుడు పంపినట్టే ఒక గొంతు సందేశం పంపింది. ఆ గొంతుకు ఎదురు చెప్పిన ఆడది ఆ వీధిలో లేదు. "ఏమే, అందరూ వినండి. ఎక్కడున్నవాళ్ళు అక్కడే సిమ్ కంపెనీకి ఫోను చెయ్యండి. షౌకీ మన పేరున తీసిన సిమ్ పోయిందనండి. అమ్మ పేరడిగితే తఫీదా అనండి. ఎందుకని నన్నడక్కండి."

అంగట్లో, ఆసుపత్రి వరండాలో, ఆగిపోయిన ట్రాములో, బట్టలుతికే మేడ మీద, ఆడవాళ్ళు ఫోను చెవిన పెట్టుకున్నారు. మగాళ్ళ మధ్య నిలబడి, చలిగాలిలో, తమది కాని తల్లి పేరును నోరారా అరిచారు. తఫీదా! తఫీదా! ఒక సిమ్ చచ్చింది. ఇంకొకటి. ఇంకొకటి.

"అమ్మా, ఏమీ అనుకోకండి" అంది ఫోనులో అమ్మాయి నజాత్‌తో. "తఫీదాగారికి ఎంతమంది కూతుళ్ళు?"

"ఆవిడ కడుపు చల్లన! నీ దిష్టి తగిలేలా ఉంది, పేరు చూసి పని కానియ్యి."

వగీహ్ ఫోను మోగింది. నిహాల్.

"పడవలో కనిపెట్టేశారు. సిమ్‌లు చస్తున్నాయని అక్కడి ఖవాజా మనిషి ముందే మీట నొక్కేశాడు. చావని వాటిలో డబ్బంతా కంపెనీ ఖాతాలో పడిపోయింది. చాలానే ఉంది. బ్యాంకులో మేనేజరు చేతిలో పెన్ను పట్టుకుని కూచున్నాడు. ఇక ఓటీపీ ఒక్కటే."

"నీ సిమ్ చంపు నిహాల్."

ఫోనులో కెరటాల హోరు, ఎక్కడో హారన్లు. ఆమె కారులో ఉంది. ఎక్కడికో పోతోంది.

హజ్జా చేయి చాచింది. "ఎవరే ఆ పిల్ల? ఇటియ్యి." ఫోను లాక్కుంది. "అమ్మాయ్. నీకూ వీడే రాసిచ్చాడా సిమ్ కాగితం?"

"అవునమ్మా."

"అయితే నువ్వూ మాలో దానివే. అందరి వరసా అయిపోయింది. నీ వరస మిగిలింది. అమ్మ పేరడిగితే తఫీదా అను."

ఫోను కట్ అయింది. గదిలో గడియారం బ్యాంకు మూసే వేళ చూపిస్తోంది. ఎవరూ ఆకు ముట్టుకోలేదు. వగీహ్ వేళ్ళ మధ్య పూసలు తిరగడం మరిచాయి.

ఒక సందేశం వచ్చింది, నిహాల్ నుంచి. "చచ్చింది. ఫోనులో పిల్ల అడిగింది, ఇవాళ తఫీదాగారి ఇంట్లో దొంగలు పడ్డారా అని. నేనిక ఎవరి మనిషినీ కాను. వెతకొద్దు."

పడవలో ఓటీపీ కోసం చేయి చాచినవాడి చేతిలో చచ్చిన సిమ్ ఉంది. బ్యాంకు తలుపులు పడ్డాయి. నారింజలు కడిగే యంత్రాల బయానా నారింజల ఖాతాలోనే, ఈ దేశంలోనే, ఒక్క అడుగు కదలకుండా కూచుంది.

అయినా లారీలొచ్చాయి. భోజనం ముగించినాయన సంతకం పెట్టేశాడు మరి. నీలం లారీలు సందు మొదట్లో ఆగాయి. కార్డులన్నిటికీ తాళం పడింది. హజ్జా కళ్ళ డబ్బుకీ పడింది.

వగీహ్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. పుల్ల విరిగిన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. వెనక నుంచి హజ్జా అంది: "అడ్డం నిలబడితే నీ తప్పు మాఫీ అయిపోతుందనుకోకు."

"అనుకోవడం లేదు హజ్జా."

"ఊఁ. అయితే నిలబడు."

పూస బుసకొట్టింది. "వగీహ్! ఎవడిచ్చాడు నీకు ఆర్డరు? కెమెరాలు వచ్చేశాయి. ఆడవాళ్ళను బయటికి పంపు!"

వగీహ్ పూసను నోటికి దగ్గరగా పట్టుకున్నాడు. ఈసారి గొంతు చిన్నది కాలేదు. వీధి వీధంతా విన్నది.

"రాసుకోండి పాషా. మొదటి పేరు నాది. కార్డులు తీసుకున్నదీ, అబద్ధం చెప్పిందీ, అబద్ధం రాసిందీ నేను. రెండో పేరు, పండు చూడకుండా ఖాతా తెరిచిన మేనేజరుది. ఎవరి బావమరిదైనా సరే, సంకెళ్ళు వేసి కెమెరాల ముందుకు తీసుకురండి. మూడోది, ఆ జూదం ప్రకటన వేసి డబ్బు తిన్న టీవీ వాళ్ళది. ఆ కెమెరాలు వాళ్ళవే, దూరం పోనక్కర్లేదు. నారింజల ఖాతాలో ఆగిన డబ్బు పోగొట్టుకున్న ఇళ్ళకు పంచండి. అవన్నీ రేపు. ఇవాళ, ఇప్పుడే, లారీలు వెనక్కి తిప్పకముందే, ఈ కార్డుల తాళం తీయండి. ఆదివారం ఆసుపత్రి తలుపు తెరిచేసరికి హజ్జా ఇన్సాఫ్ డబ్బు ఆవిడ చేతిలో ఉండాలి. కాదు, నలభైమందినీ ఎక్కించాల్సిందే అంటారా? అయితే ముందు దమన్‌హూర్‌కి ఒక లారీ పంపించండి పాషా. మా అమ్మ కూతుళ్ళ కోసం మొక్కని దర్గా లేదు. వచ్చి ఒక్కొక్కరినీ దింపుకుంటుంది."